పదిమంది మెచ్చిన వార్త

గ్రంథాలయములో ఒక పాఠకుడు తనకు ఉపయోగపడిన పుస్తకముల పేర్లు వ్రాసి ఉంచినచో, తరువాత వచ్చువారికి వెదకు శ్రమ తప్పును. అంతర్జాలమునందు ఈ పనినే చేయు వెబ్‌సైట్లు కలవు. అవి రెండు విధములు.

మొదటివి గుర్తులను పంచుకొనునవి. 2003లో అమెరికాలో జాషువా షాక్టర్ ప్రారంభించిన డెలిషియస్ ఇట్టిది. చదువరి తనకు నచ్చిన పుట చిరునామాను అందు దాచుకొని, ‘వ్యవసాయము’, ‘ఆరోగ్యము’ వంటి పేరుచీటీని తగిలించెడివాడు. ఒకే చీటీతో పలువురు దాచిన పుటలన్నియు ఒకచోట కనబడెడివి. ఆ విధముగా ఒకరి శ్రమ ముక్కు మొగము తెలియని మరియొకరికి అక్కరకు వచ్చెడిది. 2017లో ఈ సైటు పిన్‌బోర్డు చేతికి పోయిన పిదప, అందు కొత్త గుర్తులు చేర్చుట నిలిచిపోయినది.

రెండవవి వార్తలకు ఓట్లు వేయించునవి. 2004లో డిగ్, 2005లో రెడ్డిట్ ఈ మార్గమున వెలసినవి. ఒకరు వార్తను తెచ్చి ఉంచుదురు. చదివినవారు ఓటు వేయుదురు. రెడ్డిట్‌లో ప్రతికూలముగా కూడ ఓటు వేయవచ్చును. ఎక్కువ ఓట్లు పొందిన కొత్త వార్త పైకి వచ్చును. అందుచే పెద్ద పత్రికల దృష్టికి రాని చిన్న రచనయు వేలమందికి చేరగలదు.

అయితే ఓటు ఇష్టమును తెలుపునే గాని సత్యమును తెలుపదు. 2013 ఏప్రిల్ 15న అమెరికాలోని బోస్టన్ నగరమున పరుగుపందెమునందు బాంబులు ప్రేలినవి. నేరస్థులను తామే కనుగొందుమని రెడ్డిట్‌లో పలువురు ఛాయాచిత్రములను వెదకబూనిరి. అంతకు ముందే కనబడకుండ పోయిన ఒక నిరపరాధియగు విద్యార్థిపై అనుమానము వ్యాపించినది. అతనికై వెదకుచున్న కుటుంబమునకు ఈ నింద పుండుమీద కారమైనది. సత్యము తేలిన పిమ్మట రెడ్డిట్ బహిరంగముగా క్షమాపణ చెప్పుకొన్నది. కాని జరిగిన హాని క్షమాపణతో తీరునది కాదు.

ఫోనులో గ్రామమునకు వచ్చు వార్తలకును ఇదే న్యాయము వర్తించును. పంచాయతీ సభ్యుడు పంపినాడనిన ఆ వార్తకు విలువ పెరుగును, బాధ్యతయు పెరుగును. కావున ఇతరులకు పంపుటకు ముందు మూడు సంగతులు విచారింపవలెను: మొదట వ్రాసినది ఎవరు? ఏ తేదీనాటిది? సంబంధించిన కార్యాలయము దానిని ధ్రువపరచినదా? వ్యక్తిపై నింద యున్నచో, విచారణ ముగియువరకు ఎవరికిని పంపరాదు. మంచి వార్తను వెదకి తెచ్చుటకు పదిమంది సాయము కావలెను. దాని నిజానిజములు తేల్చుకొనుట మాత్రము మన పనియే.