డబ్బులిస్తే రోజూ నడుస్తామా?

జనవరి మొదటి వారంలో జిమ్ కిటకిట. మార్చికి సగం ఖాళీ. మరి వెళ్ళినందుకు ఎవరైనా డబ్బులిస్తే? ఇది నిజంగానే పరీక్షించి చూశారు.

పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్ళు 2016లో ప్రచురించిన స్టడీ ఇది. బరువు ఎక్కువున్న 281 మంది ఉద్యోగులు, 13 వారాలు, రోజుకు 7,000 అడుగుల టార్గెట్. నాలుగు గ్రూపులు. టార్గెట్ అందుకున్న రోజులు ఇలా ఉన్నాయి:

1. డబ్బుల్లేవు: 30 శాతం
2. నడిచిన రోజుకు 1.40 డాలర్లు: 35 శాతం
3. లాటరీ: 36 శాతం
4. నెల మొదట్లోనే 42 డాలర్లు ఇచ్చేసి, నడవని రోజుకు 1.40 కోత: 45 శాతం

1.40ని 30తో గుణించండి, 42 వస్తుంది. అంటే రెండో గ్రూపుకీ నాలుగో గ్రూపుకీ డబ్బు ఒకటే! కానీ రావాల్సింది రాకపోతే సర్దుకుంటాం, చేతిలోది పోతే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. దీన్నే లాస్ అవర్షన్ అంటారు.

అయితే డబ్బు ఆపేశాక ఈ తేడా నిలబడలేదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

2021లో ‘నేచర్’లో వచ్చిన ఇంకో స్టడీలో 61 వేలకు పైగా జిమ్ మెంబర్ల మీద 54 ప్రోగ్రాములు ప్రయత్నించారు. అన్నిట్లో ముందు నిలిచింది ఏంటో తెలుసా? ఒకసారి మానేసి తిరిగొచ్చినవాళ్ళకి 9 సెంట్ల విలువైన బోనస్ పాయింట్లు!

మనమూ రూమ్మేట్స్‌తో ట్రై చేయొచ్చు. తలా 300 రూపాయలు ముందే వేసి, మానేసిన రోజుకు 10 కోత, మర్నాడు వస్తే 5 వాపసు. మిడ్స్ వారంలో ఎలాగూ మానేస్తాం. ఆ తర్వాతి సోమవారం వస్తామా లేదా అన్నదే ముఖ్యం.