పాఠం 14: సెల్‌ఫోను పక్కన పెట్టి సొంత రాతకు మళ్ళడం

14.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు

• సామాజిక మాధ్యమాలలో రాసే రాతకు, సొంత రచనకు గల తేడాను చెప్పగలుగుతారు.
• ఫోను మన దృష్టిని ఎలా పట్టి ఉంచుతుందో వివరించగలుగుతారు.
• ఆగిపోయిన మీ రచనను తిరిగి మొదలుపెట్టగలుగుతారు.

14.1 పరిచయం

గత పాఠంలో దినచర్య రాయడం నేర్చుకున్నారు. నోటుపుస్తకం తెచ్చుకుని నాలుగు రోజులు రాశారు. అయిదో రోజు నుంచి పేజీలు ఖాళీగా ఉన్నాయా? అయితే ఈ పాఠం మీ కోసమే.

రాయడానికి తీరిక లేదని సాధారణంగా అనుకుంటాం. కాని ఒక రోజులో వాట్సాప్‌లోను, ఫేస్‌బుక్‌లోను మనం రాసిన మాటలన్నీ కూడితే ఒక పేజీ నిండవచ్చు. అంటే మనం రాయడం మానలేదు. రాసినది మన దగ్గర నిలవడం లేదు.

14.2 ఒక ఉదాహరణ

జగిత్యాల ప్రాంతంలో బీడీలు చుట్టే ఒక స్త్రీని ఊహించుకోండి. భర్త దుబాయిలో పనిచేస్తున్నాడు. ఆమె ఓపెన్ స్కూలులో పదో తరగతి చదువుతోంది. ఎనభై ఏళ్ళు దాటిన అమ్మమ్మ ఆమె దగ్గరే ఉంటోంది. అమ్మమ్మకు బతుకమ్మ పాటలు వచ్చు. కరువు కాలంలో తునికాకు ఏరి పిల్లలను ఎలా సాకిందో కూడా చెబుతుంది. ఇవన్నీ ఒక పుస్తకంలో రాసి పెట్టాలని ఈమె కోరిక.

ఒక సాయంత్రం ఆ కరువు కథను నాలుగు వాక్యాలలో గ్రూపులో పెట్టింది. చాలామంది మెచ్చుకున్నారు. ఆమెకు తృప్తి కలిగింది. మరుసటి రోజు మిగతా కథ ఎవరూ అడగలేదు, ఆమె రాయనూ లేదు. ఈలోగా అమ్మమ్మ పాటలలో ఒక్కొక్క చరణమే మరపున పడుతోంది.

ఇక్కడ పోయినది సమయం ఒక్కటే కాదు. చెప్పాలన్న కోరిక నాలుగు వాక్యాలతోనే తీరిపోయింది. ఉడకకముందే దించేస్తే అన్నం పలుకుగా మిగిలినట్లు, ఆలోచన పూర్తికాకముందే మెప్పు దొరికితే రచన అక్కడే ఆగిపోతుంది.

14.3 ఫోను మనలను ఎలా పట్టి ఉంచుతుంది?

పుస్తకంలో పేజీ అయిపోతుంది. అక్కడ ఒక్క క్షణం ఆగి, చదవాలా వద్దా అని నిర్ణయించుకుంటాం. తెరను వేలితో జరిపేకొద్దీ కొత్త విషయం వస్తూనే ఉండే పద్ధతిని 2006లో రూపొందించారు. అందులో ఆగే చోటు లేదు. 2009లో ఫేస్‌బుక్ ‘లైక్’ గుర్తును ప్రవేశపెట్టింది. దానితో రాసిన మాటకు ఎంతమంది మెచ్చారో అప్పటికప్పుడు లెక్క తెలియడం మొదలైంది.

ఈ సంస్థల ఆదాయంలో ఎక్కువ భాగం ప్రకటనల నుంచి వస్తుంది. మనం ఎంతసేపు చూస్తే అన్ని ప్రకటనలు చూపవచ్చు. కాబట్టి ఫోను వదలలేకపోవడం కేవలం మీ బలహీనత కాదు. వదలకుండా ఉండేటట్లే దాన్ని తయారుచేశారు.

పాఠ్యగత ప్రశ్న 1: పుస్తకంలో ఉండి ఫోను తెరపై లేనిది ఏమిటి?

14.4 ముందువారు ఎలా రాశారు?

ఫోను లేని రోజులలో కూడా పనులు, రాకపోకలు, మాటలు రచనకు అడ్డు వచ్చేవి. రాసినవారు దానికి వీలు ఎలా కల్పించుకున్నారో రెండు ఉదాహరణలు చూద్దాం.

గాంధీజీ 1909 నవంబరులో లండన్ నుంచి దక్షిణాఫ్రికాకు ఓడలో తిరిగి వెళ్తూ ‘హింద్ స్వరాజ్’ను గుజరాతీలో రాశారు. పది రోజులలో పూర్తిచేశారు. కుడిచేయి అలసినప్పుడు ఎడమచేత్తో రాశారు. లండన్‌లో ఆయనకు ఎన్నో సమావేశాలు, చర్చలు. అక్కడ విన్నవి, ఆలోచించినవి కాగితం మీదకు రావడానికి ఓడ ప్రయాణం వీలు కల్పించింది.

మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నుంచి 1831 సెప్టెంబరు వరకు కాశీయాత్ర చేశారు. దారిలో చూసిన ఊళ్ళ గురించి, మనుషుల గురించి రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు పంపేవారు. అవి 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ పేరుతో అచ్చయ్యాయి. ఆయన తీరికగా ఇంట్లో కూర్చుని రాయలేదు. కాని చదివే మిత్రుడు ఒకడున్నాడు. ఆ మిత్రుడి జవాబు వెంటనే రాదు.

వెంటనే జవాబు రాని కొంత సమయం, నమ్మకంగా చదివే ఒక్క మనిషి. రచనకు ఈ రెండూ చాలా సహాయపడతాయి.

14.5 మీరు చేయవలసిన పనులు

1. ఫోనును పూర్తిగా వదలనవసరం లేదు. దుబాయి నుంచి ఫోను వచ్చే ఇంట్లో అది కుదరదు కూడా. రోజూ అరగంట ఎంచుకోండి. పైన చెప్పిన స్త్రీ అయితే భర్త ఫోను చేసే వేళకు ముందు అరగంట పెట్టుకోవచ్చు.

2. గ్రూపుల శబ్దం ఆపేయండి. ఎక్కువసేపు చూసే యాప్‌ను తీసేయండి. యాప్ తీసేసినంత మాత్రాన మీ ఖాతా పోదు.

3. మీరు ఇంతకుముందు గ్రూపులలో పెట్టిన మంచి మాటలను తేదీతో సహా నోటుపుస్తకంలోకి ఎక్కించండి. ఒక్కొక్క దాని కింద పది గీతలు ఖాళీగా వదలండి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఆ తర్వాత ఏమైంది అన్న ప్రశ్నలకు జవాబులతో వాటిని నింపండి. మీ రచన ఇక్కడ మళ్ళీ మొదలవుతుంది.

4. చిన్న పని ఎంచుకోండి. ‘మా అమ్మమ్మ జీవితం’ పెద్ద పని. ‘అమ్మమ్మ తునికాకు ఏరిన ఎండాకాలం’ చేయదగిన పని.

5. ఒక భాగం పూర్తయ్యే వరకు ఎవరికీ చూపకండి. పూర్తయిన తర్వాత మొదట ఒక్కరికే చదివి వినిపించండి.

6. ఏ రోజుకారోజు చివర, మరుసటి రోజు రాయవలసిన మొదటి మాట రాసి ఉంచండి.

మొదట్లో చేయి దానంతట అదే ఫోను వైపు పోతుంది. పోనివ్వండి, తిరిగి కలం పట్టండి.

సామాజిక మాధ్యమాల వల్ల మేలు లేదని కాదు. పత్రికలకు చేరలేని ఎందరో తెలుగువారు వాటి ద్వారా పాఠకులను పొందారు. మీరు కూడా పూర్తయిన రచనను అక్కడ పెట్టవచ్చు. ముందు రాయడం, తర్వాత పంచుకోవడం: ఈ వరస తప్పకూడదు.

14.6 సారాంశం

• అప్పటికప్పుడు దొరికే మెప్పు, రాయాలన్న కోరికను సగంలోనే తీర్చేస్తుంది.
• ఫోనులో ఆగే చోటు ఉండదు. ఆ చోటును మనమే ఏర్పరచుకోవాలి.
• నిర్ణీత సమయం, చిన్న విషయం, ఒక్క పాఠకుడు ఉంటే ఆగిన రచన సాగుతుంది.

కృత్యం: మీ ఇంట్లోని పెద్దవారిని ఒక పాట గాని, ఒక సంఘటన గాని చెప్పమని అడగండి. వారు చెప్పినది చెప్పినట్లే వారం రోజులు, రోజుకు అరపేజీ చొప్పున రాయండి. ఎనిమిదో రోజున వారికే చదివి వినిపించి, తప్పులు దిద్దించుకోండి.

పాఠ్యగత ప్రశ్నకు జవాబు: 1. ఆగి నిర్ణయించుకునే చోటు.