పూడికమట్టిలో ఆల్చిప్ప, పాటిమన్నులో ఆల్చిప్ప

2015 మార్చి 12న సదాశివనగర్ పాత చెరువు వద్ద మిషన్ కాకతీయ ప్రారంభమైనది. రాష్ట్రంలో గుర్తించిన 46,531 చిన్ననీటి వనరుల పునరుద్ధరణతోపాటు, తీసిన పూడికమట్టిని పొలాలకు తరలించడం కూడ అందులో భాగము. అట్టి మట్టి నమూనాలలో ఆల్చిప్పలు, నత్తగుల్లలు తరచుగా తగులును. రెండు మిల్లీమీటర్ల జల్లెడపై మిగిలిన దానిని పారవేయడం మన ప్రయోగశాలల ఆనవాయితీ. చెరువు మట్టి విషయంలో దీనివలన పెద్ద నష్టము లేదు. పాటిమన్ను విషయంలో మాత్రము కలదు.

పాటిమన్ను పాత జనావాసాల దిబ్బల నుండి తవ్వినది. బూడిద, పేడ, ఎముకలు కలిసియుండుటచే రైతులు దానిని ఎరువుగా తోలుకొందురు. అందులోని చిప్ప ఒకప్పుడు ఎవరో ఏరి, వండి, తిని పారవేసినదై యుండవచ్చును.

మంచినీటి ఆల్చిప్పల సేకరణ వ్యవసాయము కంటె ఎంతో ప్రాచీనమైనది. ఆస్ట్రేలియాలోని విల్లాండ్రా సరస్సుల తీరాన దాదాపు 40,000 సంవత్సరాల నాటి చిప్పల కుప్పలు లభించినవి. మనకు సమీపాన, భీమా ఉపనదియైన ఘోడ్ ఒడ్డున గల ఇనాంగావ్‌లో 1968–83 మధ్య దక్కన్ కళాశాల జరిపిన తవ్వకాలలో తామ్రశిలాయుగపు ఆహారావశేషాల నడుమ మంచినీటి ఆల్చిప్పలు కూడ వెలువడినవి. బార్లీ పండించి పశువులను పెంచిన ఆ ప్రజలు నదిని విడువలేదు. ఏరుటకు వల అక్కరలేదు, పడవ అక్కరలేదు. నీరు తగ్గిన వేసవిలో బురదలో చేయి పెట్టిన చాలును. అయితే కుప్పను చూచి అదే ప్రధానాహారమని భ్రమపడరాదు. ఈ మాంసము నుండి లభించు శక్తి స్వల్పమని 1974లోనే పార్మలీ, క్లిప్పెల్ అను అమెరికా పరిశోధకులు లెక్కకట్టి చూపిరి. మాంసము కుళ్లిపోవును, చిప్ప మిగులును. అందుచేతనే చిప్ప కళ్లకు ఎక్కువగా కనిపించును.

సహజంగా చనిపోయిన వాటిలో చిన్నా పెద్దా అన్ని పరిమాణాలు ఉండును. రెండు చిప్పలు కీలు వద్ద కలిసియుండి లోపల ఒండ్రు నిండియుండుట కూడ కద్దు. మానవులు ఏరినవి ఎక్కువగా పెద్దవి. అవి విడివిడి చిప్పలుగా, కొన్ని కాలి నల్లబడి, బూడిదలో కుండపెంకులతో కలిసియుండును. అంచు అరిగినా, నడుమ రంధ్రమున్నా పనిముట్టు కావచ్చును. మామిడికాయ చెక్కు తీయుటకు మన పెద్దలు వాడిన రంధ్రపు ఆల్చిప్ప అట్టిదే కనుక, అరుగుదలను మాత్రమే చూచి ప్రాచీనమని చెప్పరాదు.

నేల స్వభావము కూడ ముఖ్యమే. కాల్షియం కార్బోనేటుతో ఏర్పడిన చిప్ప ఆమ్ల లక్షణము గల ఎర్రనేలలో క్రమంగా కరిగిపోవును. బూడిద పొరలో, సున్నపు నల్లరేగడిలో నిలుచును. కావున చల్క నేలలో చిప్ప లేనంత మాత్రమున సేకరణ జరుగలేదని అనుటకు వీలులేదు. ఇట్టి చోట ఉదజని సూచికను కూడ నమోదు చేయవలెను.

సజీవ ఆల్చిప్పల విషయము వేరు. చెరువు ఎండినపుడు అవి బురదలో దాగును. పూడికతోపాటు అవి కూడ పొలానికి చేరి నశించును. పిల్లదశలో చేపల మొప్పలకు అంటుకొని పెరుగు జీవులు గనుక, చెరువులో తగిన చేప లేనిచో మరల వ్యాపించలేవు. ఒక మూల కొంత అడుగును తవ్వక వదలుట మేలు.

పాటిమన్ను నమూనా తెచ్చు విద్యార్థి గ్రామము, దిబ్బపై స్థానము, లోతు వ్రాసికొని, జల్లెడపై మిగిలినదంతయు విడిగా సంచిలో భద్రపరచవలెను. చిప్పలతో బూడిద, పెంకులు కనిపించినచో రైతుకు నచ్చజెప్పి తోలకమును ఆపించి, రాష్ట్ర వారసత్వ శాఖకు తెలుపవలెను. ఎరువుకు బదులుగా ఆ రైతుకు చెరువు పూడికమట్టిని చూపవచ్చును.