సరళ హరాత్మక చలనము: ఇంట నేర్వదగిన పాఠము

తల్లిదండ్రులారా! ఏటేట ఈ సంచికయందు పాఠశాల వృత్తాంతమును, పరీక్షా ఫలితములను మీకు విన్నవించుట మాకు వాడుక. ఈ యేడు వానితోబాటు ఒక పాఠమునే మీ ముందుంచ దలచితిమి. దానికొక కారణము గలదు.

గత సంవత్సరము ఒక తండ్రి తన కుమారుని వెంటబెట్టుకొని మా యొద్దకు వచ్చెను. ఆయన మన సోలాపురమున మరమగ్గముల కార్ఖానాలో పనిచేయువాడు. కుమారుడు మా పాఠశాలలో పదవ తరగతి ముగించి, విజ్ఞానశాఖలో చేరి, పండ్రెండవ తరగతి చదువుచున్నాడు. అచ్చట పాఠములన్నియు ఆంగ్లమున జరుగును. భౌతికశాస్త్రమున అతనికి మార్కులు మిక్కిలి తక్కువగా వచ్చినవి. “సారూ, తెలుగుల చదివించి తప్పు చేసినమా?” అని ఆ తండ్రి అడిగెను. ఆ ప్రశ్నకు వెంటనే బదులు చెప్పుటకు మాకు నోరాడలేదు.

ఏ పాఠమున చిక్కు వచ్చినదని విద్యార్థిని అడిగితిమి. డోలనముల పాఠమని చెప్పెను. కాగిత మిచ్చి సూత్రములు వ్రాయమంటిమి. ఒక్క తప్పయినను లేకుండ ఆంగ్లముననే అన్నియు వ్రాసెను. పిమ్మట ఒక దారమునకు రాయి కట్టి, కిటికీ ఊచకు వ్రేలాడదీసి, ఊపి విడిచితిమి. “రాయి నడిమి చోటు దాటి కుడివైపునకు పోవుచున్నది గదా! ఇప్పుడు దానిని వెనుకకో ముందుకో లాగు బలము ఏ వైపున నున్నది?” అని యడిగితిమి. “కుడివైపే సార్, అది అటే పోతున్నది గదా!” అని అతడు బదులు చెప్పెను.

చిక్కు అచ్చట నున్నది. అది ఆంగ్లము వలన వచ్చినది కాదు. తెలుగు వలన వచ్చినదియు కాదు. రాయి పోవు దిక్కు వేరు, దానిపై బలము లాగు దిక్కు వేరు అను సంగతి అతని మనస్సున ఎన్నడును నాటుకొనలేదు. మా తరగతులలో నిర్వచనములను మేము వల్లె వేయించితిమి గాని, రాయిని ఊపి చూపలేదు. ఆ దోషములో మాకును పాలు గలదు. దానిని కొంతయైనను దిద్దుకొనుటకే ఈ పాఠము వ్రాయుచున్నాము. ఇందలి ప్రయోగములకు దారము, రాయి, గడియారము, పాత రాట్నము చాలును.

ఊగుట యనగా నేమి?

దారమునకు కట్టిన రాయి కదలక నిలిచియుండు చోటును మధ్యమ స్థానమందురు. రాయిని ప్రక్కకు లాగినపుడు అది కొంచెము పైకి లేచును. దాని బరువు దానిని మరల దిగువకు, అనగా నడిమికి, లాగును. విడిచినపుడు అది నడిమికి వచ్చును; కాని అచ్చట ఆగదు. వచ్చిన వేగముతో అవతలి వైపునకు పోవును. అటు పోయినపుడు కూడ బలము నడిమికే లాగును. కావున వేగము తగ్గి, కొనయందు క్షణకాలము నిలిచి, రాయి తిరిగి వచ్చును. ఎటు పోయినను ఇంటివైపే పిలుచు ఈ బలమునకు పునఃస్థాపక బలమని పేరు.

నడిమి నుండి ఎంత దూరము పోయిన, లాగుడు అంతకు తగినట్లు పెరుగవలెను. రెండింతలు దూరమైన రెండింతల లాగుడు. మూడింతలు దూరమైన మూడింతలు. ఈ నియమమునకు లోబడిన ఊపునే సరళ హరాత్మక చలనమందురు. దీనినిబట్టి రెండు సంగతులు తెలియును. నడిమియందు వేగము అత్యధికము, లాగుడు సున్న. కొనలయందు వేగము సున్న, లాగుడు అత్యధికము. ఈ రెంటిని తారుమారు చేసినవాడు ఏ లెక్కయు సరిగా చేయజాలడు.

మన యిండ్లలో మగ్గము ఎరుగనివారు అరుదు. నాడె కూడ ఇటునటు పోయి వచ్చుచుండును. దాని చలనము సరళ హరాత్మకమా? కాదు. నాడెను ఒక ప్రక్కనుండి కొట్టిన పిమ్మట పడుగు నడుమ అది దాదాపు ఒకే వేగముతో పోయి అవతలి పెట్టెలో ఆగిపోవును. నడిమికి లాగు బలమేదియు దానికి లేదు. మాటిమాటికి తిరిగి వచ్చునది యావత్తు ఆవర్తన చలనమే; కాని అదంతయు సరళ హరాత్మకము కాదు. పరీక్షలలో ఈ భేదమును తరచుగా అడుగుదురు. నేతవాని బిడ్డకు దీనిని చెప్పుటకు నాడెకు మించిన ఉపమానము లేదు.

దారము, రాయి, గడియారము

ఆదివారమున పిల్లలచేత ఈ ప్రయోగము చేయింపుడు. కట్టిన చోటు నుండి రాతి నడిమి వరకు సరిగా ఒక మీటరు ఉండునట్లు దారము కట్టవలెను. రాయిని పది సెంటీమీటర్లు ప్రక్కకు లాగి, నెట్టక విడువవలెను. పోయి తిరిగి వచ్చుట ఒక డోలనము. విడిచిన క్షణమున “సున్న” అని లెక్క మొదలిడవలెను. “ఒకటి” అని మొదలిడినచో ఇరువది అనునప్పటికి పందొమ్మిది డోలనములే యగును. ఇరువది డోలనములకు దాదాపు 40 సెకనులు పట్టును. అనగా ఒక డోలనమునకు 2 సెకనులు. దీనినే ఆవర్తన కాలమందురు.

ఇప్పుడు రాయిని మార్చి, రెండింతల బరువుగల రాయిని కట్టుడు. పొడవు మారనంతవరకు కాలము మారదు. బరువైన రాయిని బలము ఎక్కువగా లాగును. కాని దానిని కదల్చుట కూడ అంతే కష్టము. రెండును సరికి సరి యగును.

తరువాత దారము పొడవును సగము చేయుడు. కాలము కూడ సగమగునని పిల్లలు అందురు. చూడుడు: 50 సెంటీమీటర్ల దారముతో ఇరువది డోలనములకు 20 కాదు, దాదాపు 28 సెకనులు పట్టును. కాలము సగము కావలెనన్న పొడవు నాల్గవ వంతు, అనగా 25 సెంటీమీటర్లు కావలెను. ఆవర్తన కాలము పొడవు యొక్క వర్గమూలమును అనుసరించును. సూత్రము ఇది: పొడవును మీటర్లలో తీసికొని 9.8చే భాగించి, వర్గమూలము కనుగొని, దానిని 6.28చే గుణించిన ఆవర్తన కాలము సెకనులలో వచ్చును. ఇందు 9.8 గురుత్వ త్వరణము.

ఇటలీ దేశస్థుడగు గెలీలియో (1564–1642) లోలకమును పరిశీలించి, పెద్ద ఊపునకును చిన్న ఊపునకును ఒకే కాలము పట్టునని తలచెను. చిన్న ఊపులకు అది చాలవరకు నిజము. కాని 60 డిగ్రీల వరకు లాగి విడిచినచో కాలము నూటికి 7 వంతులు పెరుగును. ఏలయన అంత దూరమున లాగుడు దూరమునకు తగినంతగా పెరుగదు. ప్రశ్నలలో “చిన్న కోణము” అని వ్రాయుట అందుకే. 1656లో హాలెండు దేశస్థుడగు హైగెన్సు లోలకముతో నడచు గడియారమును నిర్మించెను. 1672లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రిషే అట్టి గడియారమును పారిసు నుండి దక్షిణ అమెరికాలోని కయెన్నకు కొనిపోగా, అది దినమునకు దాదాపు రెండున్నర నిమిషములు వెనుకబడినది. భూమధ్యరేఖ చేరువలో గురుత్వ త్వరణము కొంచెము తక్కువ యని ఆ గడియారము లోకమునకు చాటినది.

రాట్నపు నీడ

ఇక పిల్లలకు మిక్కిలి కఠినమని తోచు భాగము. రాట్నపు చక్రపు అంచునకు ఒక పుల్లను ప్రక్కకు పొడుచుకొని యుండునట్లు కట్టుడు. సాయంకాలపు వాలుటెండ చక్రపు అంచుమీదుగా గోడపై పడునట్లు రాట్నమును నిలిపి, సమవేగముతో త్రిప్పుడు. పుల్ల గుండ్రముగా తిరుగును. దాని నీడ మాత్రము గోడపై తిన్నగా పైకి క్రిందికి ఆడుచుండును. నడిమియందు చురుకుగాను, కొనలయందు మందముగాను పోవును. ఆ నీడ చలనమే సరళ హరాత్మక చలనము.

దీనితో ఒక లెక్క చూతము. చక్రము ఒక చుట్టు తిరుగుటకు 12 సెకనులు పట్టుననుకొందము. నీడ నడిమినుండి పై కొనకు చేరుటకు పావు చుట్టు, అనగా 3 సెకనులు కావలెను. సగము ఎత్తునకు చేరుటకెంత? త్రైరాశికము వేసినవాడు ఒకటిన్నర సెకను అనును. అది తప్పు. చక్రము 30 డిగ్రీలు తిరిగినంతనే నీడ సగము ఎత్తు చేరును. 360లో 30 పండ్రెండవ వంతు. కావున ఒక సెకను చాలును. మిగిలిన సగమునకు రెండు సెకనులు పట్టును. వేగము మారుచుండు చోట త్రైరాశికము చెల్లదు. ఈ ఒక్క మాట తెలిసిన పిల్లవాడు ఎన్నో తప్పులను తప్పించుకొనును.

ఒక లెక్కను సాధించు విధము

ఒక స్ప్రింగునకు అర కిలోగ్రాము తూనికరాయి వ్రేలాడదీయగా అది 5 సెంటీమీటర్లు సాగినది. రాయిని మరి 2 సెంటీమీటర్లు క్రిందికి లాగి విడిచితిమి. ఆవర్తన కాల మెంత? గరిష్ఠ వేగ మెంత? నడిమినుండి 1 సెంటీమీటరు దూరమున వేగ మెంత?

మొదట నడిమి ఎక్కడో గుర్తింపవలెను. అది ఉత్త స్ప్రింగు కొన కాదు. రాయి వ్రేలాడుచు కదలక నిలిచిన చోటు. కావున కంపన పరిమితి 2 సెంటీమీటర్లే గాని 7 కాదు.

రెండవది, లాగుడు ఎంతయో చూడవలెను. రాతి బరువు 0.5ను 9.8చే గుణింపగా 4.9 న్యూటనులు. ఆ బరువునకు స్ప్రింగు 0.05 మీటరు సాగినది. కావున మీటరునకు 98 న్యూటనులు. ఇది స్ప్రింగు బల స్థిరాంకము.

మూడవది, 98ని ద్రవ్యరాశి 0.5చే భాగించిన 196 వచ్చును. దాని వర్గమూలము 14. దీనిని కోణీయ పౌనఃపున్య మందురు. రాట్నము ఎంత చురుకుగా తిరుగుచున్నదో తెలుపు సంఖ్య అది. 6.28ని 14చే భాగింపగా ఆవర్తన కాలము దాదాపు 0.45 సెకను. ఇందు లాగి విడిచిన 2 సెంటీమీటర్ల ప్రసక్తి లేదని గమనింపుడు. 3 సెంటీమీటర్లు లాగినను కాలము ఇదియే.

నాల్గవది, గరిష్ఠ వేగము 14ను 2చే గుణింపగా సెకనునకు 28 సెంటీమీటర్లు. అది నడిమియందే కలుగును. ఒక సెంటీమీటరు దూరమున వేగము అందులో సగమని 14 వ్రాయువారు పెక్కురు. అది సరికాదు. కంపన పరిమితి వర్గము 4 నుండి దూరము వర్గము 1ని తీసివేయగా 3. దాని వర్గమూలము 1.732, దానిని 14చే గుణింపగా 24.2. సగము దూరము పోయినను డోలన శక్తిలో నాల్గవ వంతే స్థితిశక్తిగా మారును. ముప్పాతిక ఇంకను చలనముననే యుండును. అందువలన వేగము అంతగా తగ్గదు.

తల్లిదండ్రులకు విన్నపము

ఆ విద్యార్థి కొన్ని ఆదివారములు మా యొద్దకు వచ్చెను. రాయి, రాట్నము, స్ప్రింగులతో ఈ ప్రయోగములన్నియు తన చేతితో చేసెను. ఆంగ్లపు మాటలు వదలవలసిన పని కలుగలేదు. వానికి అర్థము దొరకినది. స్థానభ్రంశమే డిస్‌ప్లేస్‌మెంటు, కంపన పరిమితియే ఆంప్లిట్యూడు, ఆవర్తన కాలమే పీరియడు అని తానే పట్టిక వ్రాసికొనెను. నాల్గవ ఆదివారమున పై లెక్కను మా సాయము లేకుండ సాధించి, “ముందు నడిమి ఎక్కడున్నదో చూసిన సార్” అనెను. అంతకంటె మాకు కావలసిన దేమున్నది?

కావున ఆ తండ్రికి అప్పుడు చెప్పలేని బదులు ఇప్పుడు చెప్పుచున్నాము. అయ్యా, తెలుగున చదివించుట తప్పు కాదు. తెలిసిన భాషలో కూడ తెలియకుండ వల్లె వేయించుట తప్పు. ఆ తప్పు మాది. ఈ యేటి నుండి మా తరగతులలో నిర్వచనమునకు ముందు ప్రయోగము జరుగునట్లు ఏర్పాటు చేసితిమి.

మీరు చేయవలసినది స్వల్పము. మీరు భౌతికశాస్త్రము చదువనక్కర లేదు. పిల్లలు లెక్క చేయునపుడు ప్రక్కన కూర్చుండి మన యింటి మాటలలో మూడు ప్రశ్నలడుగుడు: నడిమి ఎక్కడ? లాగుడు ఏ వైపు? అది ఎంత? ఈ మూటికి తడబడక బదులు చెప్పినచో సూత్రము దానంతట అదే నిలుచును. తడబడినచో, దారము, రాయి తెచ్చి ఇయ్యుడు. మన పెద్దలు తెలంగాణము నుండి ఈ యూరికి వచ్చినపుడు చేతిపనినే మూలధనముగా తెచ్చుకొనిరి. ఆ చేతులతోనే వారి మనుమలు శాస్త్రమును కూడ నేర్వగలరని మా నమ్మకము.