మంత్రావరణము – రెండు కూడలులు చెప్పు పాఠము

వీరశైవులకు ఆవరణములు ఎనిమిది. వానిలో గురువు, లింగము, జంగమము పూజ్యములు. విభూతి, రుద్రాక్ష, మంత్రము పూజాసాధనములు. పాదోదకము, ప్రసాదము పూజాఫలములు. ఆవరణమనగా చుట్టియుండి కాపాడునది. యోధునికి కవచమెట్టిదో భక్తునికి ఈ ఎనిమిదియు నట్టివని పెద్దలు చెప్పుదురు.

వీనిలో మంత్రమునకొక విశేషము కలదు. దానికి రూపము లేదు, బరువు లేదు, వెల లేదు. విభూతి గూటిలో నుండును. రుద్రాక్షలు మెడలో నుండును. మంత్రము మనుష్యుని ఊపిరిలో మాత్రమే యుండును. పలుకువారు మానినచో అది ఆ యింట లేనట్లే. అన్నింటికంటె సులభముగా వెంట వచ్చునదియు, అన్నింటికంటె సులభముగా జారిపోవునదియు మంత్రమే. ఈ రెండు సంగతులను తెలిసికొనుటకు కృష్ణాతీరమందలి రెండు కూడలులు చాలును. అందొకటి అలంపూరు చెంతనే యున్నది.

మంత్రార్థము

“నమః శివాయ” యను ఐదక్షరములు పంచాక్షరి. ప్రణవముతో కూడినపుడు అదియే షడక్షరి. కృష్ణయజుర్వేదమునకు చెందిన తైత్తిరీయ సంహితలో శ్రీరుద్రమున ఈ అక్షరములు కలవు. ఆ సంహితకు కాండములు 7. రుద్రము నడిమిదియగు 4వ కాండమున నున్నది. రుద్రమందలి 11 అనువాకములలో 8వ దానియందు పంచాక్షరి వచ్చును. శివయోగి శివాచార్యుల సిద్ధాంతశిఖామణిలో పంచాక్షరీ జపమునకు ప్రత్యేకముగా ఒక స్థలమే యీయబడినది.

మంత్రమును వల్లించువారు దాని వ్యాకరణమును కొంచెము గమనింపవలెను. “నమః” శబ్దముతో చేరిన నామమునకు చతుర్థీ విభక్తి వచ్చునని సంస్కృత సూత్రము. అందుచేతనే “శివః” అనక “శివాయ” అనుచున్నాము. చతుర్థి సంప్రదానమును తెలుపును. అనగా ఇచ్చునది ఎవరికో చెప్పును. తెలుగున దానికి “కొఱకున్, కై” ప్రత్యయములు. విభక్తులు వల్లించిన పిల్లలకు ఈ సంగతి వెంటనే బోధపడును. “ఓ శివా” అని పిలిచినచో అది సంబోధన. పిలిచినవాడు ఏదియో అడుగబోవుచున్నాడని తోచును. “శివాయ” అన్నప్పుడు అడుగుట లేదు, ఇచ్చుటయే యున్నది. “నమః” అనుపదమును “న మమ”, నాది కాదు, అని పెద్దలు నిర్వచింతురు. ఈ దేహము, ఈ శ్రమ, ఈ ఫలము నాది కాదు, శివునిది అని ఐదక్షరములకు తాత్పర్యము. సంతానము కొఱకు, వ్యాజ్యము గెలుచుట కొఱకు లక్షజపము చేయుదుమను మ్రొక్కులు ఈ తాత్పర్యమునకు దూరములు.

షడక్షరి – షట్‌స్థలము

శరణులు ఈ ఆరక్షరములను షట్‌స్థలములతో జతపరచిరి. “న”కారము పృథివీతత్త్వము, భక్తస్థలము, ఆచారలింగము. “మ”కారము జలము, మాహేశ్వరస్థలము, గురులింగము. “శి”కారము అగ్ని, ప్రసాదిస్థలము, శివలింగము. “వా”కారము వాయువు, ప్రాణలింగిస్థలము, జంగమలింగము. “య”కారము ఆకాశము, శరణస్థలము, ప్రసాదలింగము. ఓంకారము ఆత్మ, ఐక్యస్థలము, మహాలింగము.

ఈ క్రమమున నొక మర్మము కలదు. మొదటి మెట్టు భక్తుడు, అతని లింగము ఆచారలింగము. అనగా నడత లేనిదే “న”కారము కూడ సిద్ధింపదు. కడపటి ఐక్యము గూర్చి చర్చించుటకు ముందు మొదటి అక్షరము తనయందు నిలిచినదా యని సాధకుడు చూచుకొనవలెను.

రెండు కూడలులు

అలంపూరు తుంగభద్రా తీరమున నేటి జోగులాంబ గద్వాల జిల్లాలో నున్నది. శ్రీశైలమునకు ఇది పశ్చిమద్వారము. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, ఉత్తరమున ఉమామహేశ్వరము తక్కిన ద్వారములు. బాదామి చాళుక్యుల కాలమున, క్రీ.శ. 7, 8 శతాబ్దులలో, ఇచట నవబ్రహ్మాలయములు వెలసినవి: బాల, కుమార, అర్క, వీర, విశ్వ, తారక, గరుడ, స్వర్గ, పద్మ బ్రహ్మలు. పేరు బ్రహ్మలదైనను ఇవి శివాలయములే. తారకమనగా దాటించునది, ప్రణవమునకును ఆ పేరే కలదు.

అలంపూరు సమీపమున తుంగభద్ర కృష్ణలో కలియు చోట కూడవెల్లి గ్రామమున సంగమేశ్వరాలయము ఉండెడిది. చాళుక్యుల నాటి ఆ రాతి కట్టడము శతాబ్దుల తరబడి రెండు నదుల నీటిని చూచినది. శ్రీశైలము ఆనకట్ట 20వ శతాబ్ది ఉత్తరార్ధమున నిర్మింపబడినప్పుడు కూడలి మునుగుననియెరిగి, పురావస్తుశాఖవారు ఆలయమును రాయి రాయిగా విప్పి, అలంపూరునకు చేర్చి తిరిగి నిలిపిరి. పాపనాశనము ఆలయములను కూడ అట్లే తరలించిరి. జలాశయము క్రింద వందకు పైగా గ్రామముల జనులు ఇండ్లు విడిచిరి. తాతల సమాధులు, బావులు, రచ్చబండలు నీటి పాలైనవి.

ఇక రెండవ కూడలి. కర్ణాటకమున బాగలకోటె జిల్లాలో మలప్రభ కృష్ణలో కలియు కూడల సంగమము. బసవేశ్వరుడు బాల్యమున విద్య నభ్యసించినదియు, 12వ శతాబ్దిలో కల్యాణమును విడిచివచ్చి లింగైక్యము నొందినదియు అచటనే యని సంప్రదాయము. ఆయన వచనముల అంకితము కూడలసంగమదేవుడు. ప్రతి వచనము చివర ఆ నామము పలుకుట వలన ఆయన బోధయంతయు ఒక నామజపమైనది. నారాయణపుర జలాశయము నిండినపుడు అచటి ఐక్యస్థలము కూడ నీటి నడుమ చిక్కినది. చుట్టును బావివలె గోడ కట్టి కాపాడిరి. నేడు భక్తులు మెట్లు దిగి ఐక్యలింగమును దర్శించుచున్నారు.

ఈ రెండును ఒకే కృష్ణమీద నున్నవి. రెండింటి పేరును సంగమమును తెలుపునదే. ఒకచోట గుడిని ఎత్తుకొని పోవలసి వచ్చినది. మరియొకచోట గోడ కట్టి నిలుపవలసి వచ్చినది. శిలకు మనుష్యుల సాయము కావలెను. బసవేశ్వరుడు స్థావరముకంటె జంగమమును అధికముగా నెంచి, లింగమును గుడినుండి అరచేతిలోనికి తెచ్చుటలోని దూరదృష్టి ఇచట స్పష్టమగును. ఊరు విడిచిన లింగవంతుని మెడలో ఇష్టలింగము కదలి వచ్చినది. నాలుకపై షడక్షరి కదలి వచ్చినది. వానికి బండి కావలసిరాలేదు.

జోగులాంబ చరిత్రయు ఇట్టిదే. ఆ తల్లి ఆలయము 14వ శతాబ్దిలో ధ్వంసమైనది. మూర్తిని బాలబ్రహ్మాలయమున ఉంచి పూజించిరి. క్రొత్త ఆలయము 2005లో వెలసినది. నడుమ గడచిన ఆరు శతాబ్దులును స్వంత గుడి లేకయే పూజ సాగినది. పలుకు నోళ్ళు ఉన్నందుననే అది సాగినది.

జపవిధానము

దీక్ష త్రివిధము. గురువు శిరస్సుపై హస్తముంచుట వేధాదీక్ష. చెవిలో మంత్రము చెప్పుట మంత్రదీక్ష. కరతలమున లింగము నుంచుట క్రియాదీక్ష. శిశువునకు లింగధారణము చేయించిన ఇండ్లలో కూడ తగిన వయస్సున మంత్రదీక్ష మరువరాదు.

స్త్రీ పురుష భేదము దీక్షకు లేదు. జనన, మరణ, రజస్సు, ఉచ్ఛిష్ట, జాతి యను పంచసూతకములు లింగధారికి లేవని శరణుల సిద్ధాంతము. కావున “ఈ దినములలో మంత్రము పలుకరాదు” అని ఇంటి ఆడపడుచులను ఆపుట వీరశైవము కాదు. అక్కమహాదేవి చెన్నమల్లికార్జునుని స్మరించుచు శ్రీశైలమునకు నడచినపుడు ఆమెకు ఏ నియమమును అడ్డుగా నిలువలేదు.

జపము మూడు తెరగులు. ఇతరులకు వినబడునట్లు పలుకుట వాచికము. పెదవులు కదలుచు తనకు మాత్రమే వినబడుట ఉపాంశువు. పెదవియు కదలక మనసున సాగుట మానసము. వీనిలో ఒకదానికంటె ఒకటి శ్రేష్ఠమని శాస్త్రము. అయినను పిల్లలకు వాచికముతోనే ప్రారంభింపవలెను; నోరు తిరుగక మనసు తిరుగదు.

స్నానానంతరము విభూతి ధరించి, ఎడమ అరచేత ఇష్టలింగము నుంచి, దృష్టిని లింగముపై నిలిపి, రుద్రాక్షమాలతో 108 మారులు జపింపవలెను. అక్షరము మింగరాదు, విసర్గమును విడువరాదు, “శివాయ” అనుటకు “సివాయ” అనరాదు. తొందరలో వేయి చేయుటకంటె నిలకడగా నూటయెనిమిది మేలు.

సందేహములు – సమాధానములు

“సెల్‌ఫోనులో ఉదయమునుండి మంత్రము మ్రోగుచున్నది. అది చాలదా?” నేటి కాలమున అనేక గృహములలో వినబడు ప్రశ్న యిది. ఆ ధ్వని వినుటకు ఇంపైనదే. మనసును శివునివైపు మరల్చుటకు ఉపకరించును. కాని జపము కర్తృత్వము గల పని. “నమః” అని పలుకువాడు ఉన్నపుడే “నాది కాదు” అను మాటకు అర్థము కలుగును. యంత్రమునకు “నాది” అన్నది లేదు, కావున విడుచుటకును ఏమియు లేదు. తల్లిదండ్రులు యంత్రమునకు అప్పగించి ఊరకున్నచో, పిల్లలు ధ్వనిని ఎరుగుదురు గాని మంత్రమును ఎరుగరు. ఒక తరము పలుకక విడిచినచో గురువు నుండి శిష్యునికి వచ్చిన దారము తెగును. రాతిగుడిని విప్పి మరల పేర్చవచ్చును. ఈ దారమును ఏ శాఖవారును అతుకలేరు.

“సేద్యము, ఉద్యోగము చేయువారికి జపమునకు తీరిక యెక్కడిది?” శరణులందరును కాయకము చేసినవారే. మడివాల మాచయ్య బట్టలు ఉదికెను. నులియ చందయ్య త్రాళ్ళు పేనెను. దేవర దాసిమయ్య వస్త్రము నేసెను. గద్వాల మగ్గముపై నాడె ఇటునుండి అటు పోవు లయను గమనించినచో, చేతిపని నామమునకు అడ్డు కాదని తెలియును. ఉదయము లింగపూజయందు 108; పిమ్మట పనిలో ఊపిరితోడి స్మరణ. ఇంతకు మించిన తీరిక అవసరము లేదు.

“జపము ఫలించినదని యెట్లు తెలియును?” “శివాయ” యనునది చతుర్థి యని పైన చెప్పబడినది. ఇచ్చు గుణము పెరిగినచో జపము ఫలించినట్లు. ఆకలిగొన్నవాడు గడపకు వచ్చినపుడు చేయి ముందుకు సాగవలెను, అదియే దాసోహము. మాల తిరిగియు పిడికిలి విడనిచో మొదటి అక్షరము ఇంకను నేర్వవలసియున్నదని యెరుంగవలెను.

ఇంట పిల్లలతో చర్చింపవలసిన ప్రశ్నలు

1. అష్టావరణములలో పూజ్యములు, సాధనములు, ఫలములు ఏవి?
2. “శివాయ” ఏ విభక్తి? దానివలన మంత్రార్థమున కలుగు విశేషమేమి?
3. కూడవెల్లి సంగమేశ్వరాలయము అలంపూరునకు ఏల చేర్చబడినది?
4. మన యింట నేడు షడక్షరిని స్వయముగా పలుకువారు ఎందరు?

నాల్గవ ప్రశ్నకు పెద్దలే మొదట సమాధానము చెప్పవలెను.

శరణు శరణార్థి.