చెవికి రెండవసారి శస్త్రచికిత్స

చెవికి శస్త్రచికిత్స చేయించుకొని, కొన్నేండ్లు చక్కగా విని, మరల వినికిడి తగ్గినవారు “ఇంకొకసారి చేయింపవచ్చునా?” అని అడుగుచుందురు. రికాబు యెముక బిగిసిపోవు వ్యాధినిగూర్చి మాత్రమే ఇచట వివరింతుము.

కర్ణభేరి వెనుక సుత్తి, దాగలి, రికాబు ఆకృతులుగల మూడు యెముకలు కలవు. రికాబు పొడవు సుమారు 3 మిల్లీమీటర్లే; దేహమున ఇంతకన్న చిన్న యెముక లేదు. కొందఱిలో దీని పాదముచుట్టును క్రొత్త యెముక పెరిగి, కదలనీయదు. శబ్దము లోపలి చెవికి సరిగా చేరదు. 1956లో అమెరికా వైద్యుడు జాన్ షే దీనిని తీసివేసి కృత్రిమ రికాబు నమర్చెను. నేడు పాదమున రంధ్రముచేసి, చిన్న పిస్టను నుంచి, దాని కొక్కెమును దాగలికి తగిలించుచున్నారు. నేర్పరుల చేతిలో మొదటిసారి నూటికి సుమారు 90 మందికి గుణము కనబడును.

రెండవసారి అంత ఆశింపరాదు. పిస్టను జారియుండవచ్చును, కొక్కెమున్నచోట దాగలి కొన అరిగియుండవచ్చును. అరిగినచో తగిలించుటకు పట్టేది? పాత గాయపు పొరలు లోపలి చెవికి అంటుకొనియుండును. వానిని లాగినచో శాశ్వతమైన చెవుడు రావచ్చును. అందుచే కొందఱు వైద్యులు రోగిని నిద్రపుచ్చక, చెవికి మాత్రమే మత్తిచ్చి, “తల తిరుగుచున్నది” అనగానే చేయి ఆపుదురు.

ముందుగా ఆడియోమీటరు పరీక్ష అవసరము. లోపము నరములోనిదైనచో మరల కోయుట వ్యర్థము. వినికిడి యంత్రమే శరణ్యము. వినబడు చెవి ఒక్కటే మిగిలినవారికిని యంత్రమే క్షేమము. శస్త్రచికిత్స జరిగిన చెవిలో హఠాత్తుగా వినికిడి తగ్గి తల తిరిగినచో, సంతరోజు వఱకు ఆగక ఆనాడే వైద్యునికి చూపవలెను.