ఈ నెల మాట: లిబర్టీన్

తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఈ మాట చూడగానే లిబర్టీతో కలిపేస్తారు. లిబర్టీ అంటే స్వేచ్ఛ కదా, లిబర్టీన్ అంటే స్వాతంత్ర్య సమరయోధుడేమో అనుకుంటారు. మన బందరు పట్టాభి సీతారామయ్య గారి మీద వ్యాసంలో ఆ మాట పడిందా, పొగడ్త కాస్తా తిట్టైపోతుంది. నీతీ నియమం లేకుండా, ముఖ్యంగా స్త్రీల విషయంలో, ఇష్టారాజ్యంగా తిరిగేవాడని దాని అర్థం.

అలాగని పిల్లల ఊహ పూర్తిగా తప్పూ కాదు. రోమన్లు విడుదల పొందిన బానిసను 'లిబెర్తీనుస్' అనేవారు. అందులో నింద లేదు. చర్చికి వెళ్లే కుటుంబాలకు ఇది తెలిసిన మాటే: అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో స్తెఫనుతో తర్కించినవారిలో లిబెర్తీనులు ఉన్నారు. అక్కడ చెడ్డవాళ్లని అర్థం కాదు.

మరి తిట్టెలా అయింది? 16వ శతాబ్దపు ఐరోపాలో మత కట్టుబాట్లను లెక్కచేయనివారికి ఈ పేరు తగిలించారు. 1545లో జాన్ కాల్విన్ వారిని ఖండిస్తూ ఏకంగా పుస్తకమే రాశాడు. మతం కట్టు తెంచుకున్నవాడు నీతినీ వదిలేస్తాడన్నది ప్రత్యర్థుల అనుమానం. ఆ అనుమానమే చివరికి అర్థమై కూర్చుంది. ఎదురు ప్రశ్న వేసిన అమ్మాయిని "విచ్చలవిడిగా తయారైంది" అని మనమూ అనేస్తుంటాం, జరిగేది అదే.

తెలుగులో దీనికి విశృంఖలుడు అనొచ్చు. శృంఖల అంటే సంకెల. రోమ్ బానిసకు ఊడిందీ అదే! స్వైరవిహారం అనే మంచి మాటను పత్రికలు వీధికుక్కలకు ఇచ్చేశాయి. నా ఓటు మాత్రం 'అచ్చోసిన ఆంబోతు'కే. అచ్చు వేసి దేవుడి పేరిట వదిలిన కోడెకు కాడి ఉండదు, ఎవరి మినుము చేలో పడ్డా అదిలించేవాడుండడు. పరీక్షలో మాత్రం ఇది రాయొద్దని చెప్పండి.

లిబరల్ వేరు. ఇతరుల అభిప్రాయానికీ స్వేచ్ఛకూ చోటిచ్చేవాడు లిబరల్. ఈ తేడా పిల్లలకు పట్టుబడాలంటే కన్యాశుల్కం చూపించండి. 1892లో తొలిసారి ఆడిన ఆ నాటకంలో గిరీశం నోట ఎప్పుడూ సంస్కరణే, ఇంగ్లీషే. వితంతు వివాహం మీద లెక్చర్లు దంచుతాడు, బుచ్చమ్మను మాత్రం మాయమాటలతో లేవదీసుకుపోతాడు. మాటల్లో లిబరల్, చేతల్లో లిబర్టీన్.